తిట్లు తీసేసిన వ్యాసం

ఒకరు రాసింది చూసి మంచీ చెడ్డా చెప్పమంటే నేను ఇప్పటికీ తప్పించుకుంటాను. "ఊరికే చూసి చెప్పు, దాన్లో ఏముంది" అంటారు. ఏముందా? నేను చెప్పిన ఒక మంచి సలహాకి ఒక తల్లి నోరు మూతపడింది. నిజంగా మంచి సలహానే. మేడమ్ మెచ్చుకుంది, క్లాసంతా మెచ్చుకుంది, చివరికి ఆ వ్యాసం రాసిన పిల్ల కూడా థాంక్స్ చెప్పింది. నా బాధంతా అదే.

సలహాలివ్వడం మా ఇంటి జబ్బు. పుదుచ్చేరి కోసపాళయంలో మా నాన్నకి ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. మేకులు కొనడానికి వచ్చినవాడికి తలుపు ఏ దిక్కున పెట్టాలో, కూతుర్ని ఏం చదివించాలో కూడా చెప్పి మరీ పంపేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. మా వాళ్ళు ఎన్నో తరాల కిందట తెలుగు నేల నుంచి వచ్చి, పుదుచ్చేరి చుట్టుపక్కల పొలాలు చేసుకుని స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఆ తెలుగైనా పుస్తకాల తెలుగు కాదు, సగానికి సగం అరవం కలిసిన తెలుగు. చదవడం, రాయడం ఎవరికీ రాదు. ఈ అక్షరాలు నేను నేర్చుకున్నది చాలా ఆలస్యంగా, చిన్నపిల్లల వాచకం ముందేసుకుని. ఎందుకు నేర్చుకున్నానో ఇదంతా చదివితే మీకే తెలుస్తుంది.

బయట తెలుగు ఎత్తొద్దని మా అమ్మ గట్టిగా చెప్పేది. స్కూల్లో ఒకసారి నోరు జారి ఎవరినో "యాడికి పోతుండావు" అన్నందుకు ఆ ఏడాదంతా నన్ను "గొల్టి" అని పిలిచారు. తెలుగువాళ్ళని వెక్కిరించడానికి మా వైపు వాడే మాట అది. ఏడ్చాను, కొట్లాడాను, చివరికి నోరు కట్టుకున్నాను. కాలేజీకి వచ్చేసరికి నా అరవం ఎంత శుభ్రంగా ఉండేదంటే, నేను తెలుగింటి పిల్లనని చెప్పినా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నేను చెప్పనూ లేదు.

అది ఆడపిల్లల కాలేజీ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. డిగ్రీలో మాకు ప్రతి శుక్రవారం చివరి పీరియడ్ అరవంలో వ్యాసం రాయించేవారు. ఆ మేడమ్‌ది ఒక పద్ధతి. కుర్చీలన్నీ గుండ్రంగా వేయించేది. ఎవరి వ్యాసం వాళ్ళు పేరు వేయకుండా ఇవ్వాలి. వాటిని ఆమె పంచేది. ఎవరి చేతికి ఏది వస్తే అది పైకి చదివి, అభిప్రాయం చెప్పాలి. ముందు బాగున్నది చెప్పాలి, ఆ తర్వాతే బాగుపడాల్సింది. రాతని అనాలి గాని మనిషిని అనకూడదు. ఇంక అసలు నియమం ఏమిటంటే, రాసినవాళ్ళు పీరియడ్ అయ్యేదాకా నోరెత్తకూడదు. అది నాదే అని కూడా చెప్పకూడదు. "మీ రచన పక్కన వకీలు లేకుండా నిలబడాలి" అనేది మేడమ్. క్లాసులో మాటలన్నీ అరవంలోనే, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఈ పనిలో నేను మొనగత్తెని. గొప్పలు కాదు, నిజం. ఒక అమ్మాయి సముద్రం గురించి రాస్తూ వాక్యానికొక "నీలి" పెట్టింది. మన సముద్రం వారంలో సగం రోజులు బూడిద రంగులోనే ఉంటుంది కదా, ఒకసారి వెళ్ళి చూసి రాయమన్నాను. వెళ్ళి చూసి మళ్ళీ రాసింది, చాలా బాగా రాసింది. కాబట్టి నా మాట మీద అందరికీ గురి. నాకైతే ఇంకా గురి.

ఒక శుక్రవారం "అమ్మ" మీద రాసినవి పంచారు. నా చేతికొచ్చిన దాని పేరు "మా అమ్మ తిట్లు". మొదటి వాక్యాలు నాకింకా నోటికి వచ్చు. "మా అమ్మ అరవంలో బేరమాడుతుంది. అరవంలో సినిమా చూస్తుంది. అరవంలో దేవుడికి మొక్కుకుంటుంది. తిట్టేటప్పుడు మాత్రం తెలుగు."

ఎవరిదో వెంటనే తెలిసిపోయింది. ఆ క్లాసులో తెలుగిల్లు నాది కాక ఇంకొక్కటే. మూలకుళం నుంచి సైకిల్ మీద వచ్చే పిల్ల. సన్నగా, చువ్వలా ఉండేది. వాళ్ళమ్మ నూలుమిల్లులో కూలి. నేనూ మా అమ్మా బస్టాండులో, చుట్టూ ఎవరూ లేరనుకుని తెలుగులో మాట్లాడుకుంటుంటే ఒకసారి ఆ పిల్ల విన్నది. మర్నాడు క్లాసులో నా పక్కకొచ్చి మెల్లిగా "నువ్వు మనోళ్ళేనా?" అంది, తెలుగులో. నేను అరవంలో "ఏమిటి?" అన్నాను. మళ్ళీ అడగలేదు. మా ఇంట్లో, వాళ్ళ తెలుగు వేరు మన తెలుగు వేరు అనేవాళ్ళు. వేరేమీ కాదు. పొలం ఉన్నవాళ్ళ తెలుగు, పొలం లేనివాళ్ళ తెలుగు, అంతే.

వ్యాసంలో ఆ తల్లి తిట్లన్నీ తెలుగులోనే ఉన్నాయి, అరవ అక్షరాల్లో. తలస్నానం చేసి తడి జుట్టుతో బయల్దేరితే, "నీ బండబడ, తలకాయ తుడుచుకోకుండా యాడికే పోతుండావు?" తినకుండా కాలేజీకి పోతుంటే, "ఆడేమన్నా నీకు పరమాన్నం వొండి పెట్టుండారా, మొద్దుమొగమా?" జ్వరంతో పడుకుంటే, "ఆ పాడు జొరం నాకు రాకూడదా, ఈ ఎముకలగూడునే పట్టాల్నా? లెయ్యే, నీ నోట్లో మన్నుబొయ్య, రెండు మెతుకులు తిను." మిల్లులో మిషన్ల మధ్య అరిచి అరిచి వాళ్ళమ్మ గొంతు పెద్దదైపోయిందట. ఆమె తిడితే వీధంతా వినపడుతుందట. ఇరుగుపొరుగు వాళ్ళు ఆమెది చెడ్డ నోరంటారు. "మా అమ్మ తిట్టని రోజు మాకు అన్నం దిగదు" అని రాసింది.

చదువుకుంటుంటే నాకు లోపల నవ్వు పొంగుకొచ్చింది. ఇవే తిట్లు మా నాయనమ్మ నోట నేనెన్ని తినలేదు. ఒక్కొక్క తిట్టు ఏ రాగంలో తిట్టాలో కూడా నాకు తెలుసు. ఆ క్లాసులో ఆ వ్యాసాన్ని సరిగ్గా చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకంటే అరవంలో 'బ'కీ 'ప'కీ ఒకే అక్షరం, తెలిసినవాళ్ళు తప్ప ఆ మాటల్ని పలకలేరు.

నేను పలకలేదు. తెలియనిదానిలా, ఒక్కొక్క అక్షరం తడుముకుంటూ, "నీ... పండ... పడ" అని చదివాను. క్లాసు గొల్లున నవ్వింది. ఇంకో తిట్టు వచ్చింది, ఇంకా తడుముకున్నాను, ఇంకా నవ్వారు. మేడమ్ "ఇది తెలుగు కదూ, ఎవరికైనా వచ్చా?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని నా చేతిలోని కాగితం వైపే చూస్తోంది.

తర్వాత అభిప్రాయం చెప్పాను, పద్ధతి ప్రకారం. "మొదలు చాలా బాగుంది. తల్లి కళ్ళకి కడుతోంది. కానీ ఈ తెలుగు మాటలు చదివేవాళ్ళకి కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. అర్థం కావు. అర్థమైనా అంత మర్యాదగా ఉండవేమో. ఆమె మనసులో ఉన్నదాన్ని మంచి అరవంలో చెబితే అందరికీ అందుతుంది."

మేడమ్ సంతోషపడిపోయి, అభిప్రాయమంటే ఇలా చెప్పాలి అంది. తెలియని భాషలో మర్యాద లేదని నాకెలా తెలిసింది? ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. ఒక్కదానికి తట్టే ఉంటుంది. కానీ ఆ పిల్ల నోరెత్తకూడదు కదా, పద్ధతి.

కాలేజీ వార్షికోత్సవంలో తల్లిదండ్రుల ముందు కొన్ని వ్యాసాలు చదివిస్తామని, ఇది కూడా కాస్త దిద్దితే చదివించవచ్చని మేడమ్ ఆ రోజే చెప్పింది. పీరియడ్ అయ్యాక ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది. అరవంలోనే మాట్లాడింది. "దిద్దడానికి సాయం చేస్తావా? ఇది ఎట్లాగైనా స్టేజీ ఎక్కాలి. మా అమ్మ వస్తానంది. నా స్కూలుకి గాని, కాలేజీకి గాని ఒక్కసారి కూడా రాలేదు. తను నోరు విప్పితే నా పరువు పోతుందని భయం. ఇప్పుడు నీ తిట్లే చదువుతానంటే పడీ పడీ నవ్వి, సరే చూస్తాను పద అంది."

అక్కడైనా నేను ఆగి ఉండవచ్చు. ఆ మాటలు అట్లాగే ఉండనీ, నేను మళ్ళీ చదివి మేడమ్‌కి అర్థం చెబుతాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. సాయం చేస్తానన్నాను, అదీ పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

సాయంత్రం సముద్రం ఒడ్డున నల్లరాళ్ళ దగ్గర గోడ మీద కూర్చున్నాం. నేను పెన్ను పట్టుకున్నాను. నా సిగ్గులేనితనం ఎంతదాకా పోయిందంటే, ఒక్కొక్క తిట్టుకీ ఆ పిల్లనే అర్థం అడిగాను. "నీ బండబడ అంటే ఏమిటి?" అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. చూసి, "నీ మీద బండ పడ అని" అంది. తర్వాత "కానీ అట్లా కాదు. నువ్వంటే నాకు ప్రాణం అని" అంది.

"అయితే అదే రాద్దాం" అన్నాను.

అట్లా ఒక్కొక్కటే తీసేశాం. తడి జుట్టు తిట్టు "కన్నా, తల ఆరనివ్వమ్మా" అయింది. జ్వరం తిట్టు "ఆ జ్వరం తనకు రాకూడదా అని తల్లి మనసు తల్లడిల్లింది" అయింది. మిల్లు గొంతు పోయి దాని స్థానంలో మృదువైన స్వరం వచ్చింది. మధ్యలో ఒకసారి "మా అమ్మ ఇట్లా మాట్లాడదే" అంది. "వ్యాసంలో మాట్లాడుతుందిలే" అన్నాను. పేరు కూడా మార్చాం, "అమ్మ పలుకులు" అని. చీకటి పడుతుండగా థాంక్స్ చెప్పి సైకిలెక్కింది.

వార్షికోత్సవానికి వాళ్ళమ్మ షిఫ్టు మార్చుకుని వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ చూడకపోయినా ఆమెను ఇట్టే గుర్తుపట్టాను. ఇస్త్రీ మడతలు పోని చీర, తలనిండా మల్లెపూలు, నోటి దగ్గర కొంగు. ఆ కొంగు ఎందుకో నాకు తెలుసు. తిట్టు వచ్చినప్పుడు నవ్వాపుకోవడానికి ముందే సిద్ధం చేసుకుంది. కూతురు స్టేజీ మీద చదవడం మొదలుపెట్టింది. తల్లి ముందుకి వంగి విన్నది. ఒక పేజీ అయింది. ఇంకో పేజీ అయింది. మెల్లిగా వెనక్కి ఆనుకుంది, కొంగు ఒళ్ళోకి జారింది. అందరూ చప్పట్లు కొడితే ఆమె కూడా కొట్టింది.

తర్వాత పందిరి బయట కూతురితో అంటుంటే నేను విన్నాను. "బాగా రాసినావు పాపా. ఎవురామె?"

"ఎవురేంది? నువ్వేమ్మా."

"నేనా?" అంది. స్టేజీ వైపు ఒకసారి చూసి, "రొంబ నెమ్మదైన మనిషి, శానా నెమ్మది" అంది.

ఆ పిల్ల నన్ను చూసి చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. "ఈమేమ్మా దిద్దిచ్చింది. మనోళ్ళే" అంది. అంటే ఆ పిల్లకి అన్నీ తెలుసు. ఆ రోజు గోడ మీద కూర్చుని నాకు తిట్లకి అర్థాలు చెప్పినప్పుడు కూడా తెలుసు. వాళ్ళమ్మ మొహం విచ్చుకుంది. "అట్లనా? మీది యాడ పాపా? ఎవురి బిడ్డవి?" అంది. ఆ గొంతు నిజంగానే పెద్దది. పక్కన నిలబడ్డ నా స్నేహితురాళ్ళు ఇటు తిరిగారు.

నేను అరవంలో, "కోసపాళయం, ఆంటీ" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసింది. కొంగు సర్దుకుంది. తర్వాత ఆమె కూడా అరవంలోకి మారింది, గొంతు తగ్గించి. "సంతోషమమ్మా. మా పిల్ల రాతని బాగుచేశారు. మీరు బాగుండాలి." కాలేజీ పిల్లని, నన్ను, మీరు అంది. నేను నవ్వాను.

డిగ్రీ అయ్యాక పైచదువుకి రోజూ కాలాపేట యూనివర్సిటీకి వెళ్ళేదాన్ని. కొన్నేళ్ళ తర్వాత ఒక సాయంత్రం తిరుగు బస్సులో ఆ పిల్ల కనిపించింది. అటువైపే ఏదో ఆఫీసులో పని దొరికిందట. పక్కన కూర్చున్నాను. ఏం బుద్ధి పుట్టిందో, "మీ అమ్మ ఎట్లుండాది?" అని తెలుగులో అడిగాను.

ఆశ్చర్యంగా చూసి నవ్వింది. "వొచ్చిందే నీకు తెలుగు" అంది. ఎగతాళే, కానీ అందులో విషం లేదు. "ఉండాది. మిల్లు మూసేసినారు, ఇంట్లోనే ఉండాది. ఇప్పుడు తిట్టదు."

"తిట్టదా?"

"ఆ పొద్దు ఇంటికొచ్చి అడిగింది. నా మాటలు బాగలేవనా పాపా తీసేసినావు అని. కాలేజీలో తీసేయమన్నారమ్మా అన్నా. సదువుకున్నోళ్ళు చెప్పినారంటే సరే అనింది. అంతే, ఆ పొద్దు నించి అరవమే. పోయిన నెల నాకు జొరమొచ్చింది. మాత్ర యేసుకో అమ్మా అనింది, అరవంలో. నాకు యాడుపొచ్చింది పో." కిటికీ వైపు తిరిగింది. "నీ పేరు చెప్పలేదులే ఆమెకి" అంది.

ఆ పిల్లే మళ్ళీ అంది. "ఆ పేపరు నీకే ఇయ్యమని మేడమ్‌ని నేనే అడిగినా, ఎందుకో చెప్పలా. నువ్వైతే సరిగ్గా సదువుతావని."

కోపంగా అని ఉంటే బాగుండేది. నాలుగు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది, వాళ్ళమ్మ మాటల్లోనే తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. టికెట్ ధర పెరిగిందని చెప్పినట్టు మామూలుగా చెప్పింది. గురివిందకి తన కింది నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. తెలిసే ఊళ్ళోవాళ్ళ నలుపులు చూపిస్తూ తిరిగాను. "మీ ఇంటికి వస్తా" అన్నాను. "రా, కాఫీ తాగి పోదువు" అంది.

బస్సు దిగేసరికి వాన పట్టుకుంది. మూలకుళంలో వాళ్ళ వీధికి చేరేలోపు ఇద్దరం నిలువునా తడిశాం. దారి పొడవునా ఆ తల్లికి చెప్పాల్సిన మాటలు తెలుగులో కూర్చుకుంటూనే ఉన్నాను. వాళ్ళమ్మ తలుపు తీసింది. తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. నన్ను గుర్తుపట్టింది. "రండమ్మా, కూర్చోండి" అంది, అరవంలో.

"బాగుండారా అత్తా?" అన్నాను.

"బాగున్నాను. మీరు బాగున్నారా?" మళ్ళీ అరవమే.

"వానలో తడిసిపోయినాం అత్తా. తలంతా నీళ్ళే" అన్నాను. తిట్టమని అడుక్కోవడం కాక ఇంకేమిటది.

"అయ్యో, తుడుచుకోండమ్మా" అని తువ్వాలు తెచ్చి రెండు చేతులతో ఇచ్చింది. నేను కూర్చుకున్న మాటలు ఆ తువ్వాలు ముందు ఒక్కటీ బయటికి రాలేదు. కూతురు జుట్టులోంచి నీళ్ళు కారుతూనే వంటింట్లోకి వెళ్ళబోయింది, కాఫీ పెట్టడానికి. ఆమె కూతురి తల చూసింది. నోరు తెరిచింది. 'నీ' అన్నంతవరకు వచ్చింది, నేను విన్నాను. అప్పుడామె నా వైపు తిరిగింది. నోరు మూసుకుని, గూట్లోంచి ఇంకో తువ్వాలు తీసి కూతురి భుజం మీద వేసింది.

కాఫీ తాగాను. ఆమె ఇంకొంచెం పోసుకోండి అంది, ఇంట్లో అందరినీ అడిగానని చెప్పండి అంది. అంతా మంచి అరవం. మేడమ్ విని ఉంటే ఒక్క మాట దిద్దేది కాదు. నేను ఎదురుగా ఉండబట్టే మింగేసింది, నేను వెళ్ళిపోతే తిడుతుందేమో అనుకున్నాను. వాన తగ్గకముందే లేచాను. గొడుగిస్తానంటే వద్దని, చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను.

ఆ గొంతు తిడితే వీధి చివరిదాకా వినపడాలి. చెవులు ఆ ఇంటి మీదే పెట్టి మెల్లిగా నడిచాను. మలుపు దగ్గర ఒక చూరు కింద చాలాసేపు నిలబడ్డాను. ఏమీ వినపడలేదు.